సంచి మెడలో పసుపు తాడు

బస్సు బయలుదేరే చప్పుడు వింటే ఇప్పటికీ నేను ఉలిక్కిపడతాను. ధర్మవరం బస్టాండులో కొత్తచెరువు పోయే బస్సయినా సరే. నేను ఎక్కి కూర్చున్న బస్సయినా అంతే. ముందున్న కడ్డీ గట్టిగా పట్టుకుని, నేను లోపలే ఉన్నానా అని ఒకసారి చూసుకుంటాను. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ.

ఈ ఏడు మా అమ్మాయి శ్రీలంకకు పోదామంటోంది. ఇద్దరమే, భుజానికి చెరొక సంచి తగిలించుకుని పోవడం, అక్కడ దిగి, మన బస్సు మనమే ఎక్కి, మన గది మనమే చూసుకోవడం. అదే సమయానికి మా వీధికి వచ్చే టూరు ఆయన కూడా శ్రీలంకే అంటున్నాడు. విమానం, బస్సు, గది, భోజనం అన్నీ వాళ్ళే చూసుకుంటారట. వచ్చే ఆదివారం లోపల అమ్మాయికి ఏదో ఒకటి చెప్పాలి. చెప్పేముందు నేపాల్‌లో నాకు జరిగింది చెప్పాలి. నేను చెప్తుంటే అమ్మాయి రాస్తోంది. నాకు సంతకం ఒక్కటే వచ్చు.

మాది పట్టుచీరల మగ్గం ఇల్లు. మా ఆయన నేసేవాడు, నేను రాట్నం మీద పట్టు పోగును కండెలకు చుట్టేదాన్ని. ఒకరోజు మగ్గం గుంతలోంచి లేచి, చెంబుతో నీళ్ళు తాగుతూ తాగుతూ పడిపోయాడు. అంతే. ఆరేళ్ళయింది. ఇప్పుడు వేరేవాళ్ళ మగ్గాలకు కండెలు చుట్టి ఇస్తాను. రాట్నం ముందు కూర్చుంటే నాకు ఏ భయమూ లేదు. వీధి మలుపు దాటితే ఉన్నవన్నీ భయాలే. అప్పట్లో ఎక్కడికి పోయినా ఆయన ముందు నడిచేవాడు, నేను ఆయన మడమలు చూసుకుంటూ నడిచేదాన్ని. ఏ ఊరు పోయామో నాకు సరిగా తెలియదు గాని, ఆయన చెప్పులు ఎక్కడ అరిగాయో మాత్రం తెలుసు.

మా అమ్మాయి బెంగళూరులో కంపెనీలో పనిచేస్తుంది. సెలవు దొరికితే తనకంటే పెద్ద సంచి ఒకటి వీపుకు కట్టుకుని పోతుంది. కొండలంటుంది, వియత్నాం అంటుంది. ఒక గదిలో మంచాలు అటకల మాదిరి ఒకదాని మీద ఒకటి ఉంటాయట, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో అందులో పడుకుంటుందట. ఆ మాట మొదటిసారి విన్న రోజు నాకు ముద్ద దిగలేదు.

పోయిన ఏడు ఒక ఆదివారం వచ్చి, నా పక్కన కండెల బుట్ట దగ్గర కూర్చుని అడిగింది.

"అమ్మా, నేపాల్ పోదాం రా. నేను లీవు పెడతా. మనిద్దరమే."

"మనిద్దరమా? మగదిక్కు లేకుండానా?"

"మగదిక్కు యాడుండాదో చెప్పు, తెచ్చుకుందాం."

"ఎగతాళి చేయొద్దు మే. ఆడ దిగినాక మనకోసం ఎవురొస్తారు?"

"ఎవురూ రారు. మనమే పోతాం."

ఎవురూ రారు. ఆ మాటతోనే నా చేతిలో పట్టు పోగు తెగింది. తెగితే ముడేసుకోవచ్చు, అది వేరే సంగతి. పరదేశంలో దిగి, నిలబడి, చుట్టూ చూస్తే ఎవరూ రాకపోవడం అనేది నాకు కళ్ళ ముందు కనబడింది.

ఆ వారంలోనే ఎదురింటి వదిన వచ్చింది. సొంత వదిన కాదు, వీధి వరస. ఆమెదీ మగ్గం ఇల్లే. టూరు ఆయన కాశీ, నేపాల్ రెండూ కలిపి తీసుకుపోతున్నాడట, మా వీధిలోనే సగం మంది పేర్లు ఇచ్చారట.

"వంటోళ్ళు మనోళ్ళే మే. పొద్దున ఉగ్గాని, మధ్యాన్నం సంగటి. నేపాల్లో కూడా సంగటే. ఎక్కమంటే ఎక్కేది, దిగమంటే దిగేది. నీకేం పని? మొక్కుకునేది ఒకటే పని."

అది నాకు కావలసిన మాట. నేను టూరుకే పేరు ఇచ్చాను. ఫోనులో అమ్మాయికి చెప్పాను. ఆమె అంది.

"గొర్రెల మంద లెక్క పోయొస్తావు అయితే."

"మందలో ఉండే గొర్రెను తోడేలు పట్టదు మే."

"మందలోంచే కదమ్మా పట్టేది. ఎనకబడిందాన్ని చూసుకుని పడతాది."

నాకు కోపం వచ్చి ఫోను పెట్టేశాను. అయినా ఆ మాట చెవిలోంచి పోలేదు.

రైలు ఎక్కేముందు స్టేషన్లోనే మేనేజరు అందరికీ బిళ్ళలు పంచాడు. మేనేజరంటే చిన్నవాడే, అనంతపురం పిల్లోడు, అందరినీ పెద్దమ్మా, పెదనాయనా అని పిలుస్తాడు. బిళ్ళ మీద మన ఫోటో, పేరు, వాళ్ళ ఫోను నంబరు ఉంటాయి. తప్పిపోతే ఎవరికైనా చూపిస్తే చాలునట. "స్నానానికి పోయినా తీయొద్దు పెద్దమ్మా, మెడలోనే ఉండల్ల" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. ఆ బిళ్ళకు వేలాడదీసిన తాడు పసుపుది.

మంచి పసుపు. పసుపు కొమ్ము అరగదీసి పట్టించినట్టున్న రంగు. ఆడవాళ్ళంతా మెడలో వేసుకుని ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. "మా మొగుడు కట్టింది ఒకటి, మేనేజరు కట్టింది ఒకటి" అని ఎవరో అంటే ఇంకెవరో "మీ మొగుడు కట్టిందే బరువు, ఇదే మేలు" అన్నారు. నేను కూడా నవ్వాను. నా చేతిలో ఉన్నదాన్ని మాత్రం పైకి ఎత్తలేకపోయాను. ఆయన దినం రోజు, తెల్లవారకముందే, నలుగురు ముసలివాళ్ళు నన్ను కూర్చోబెట్టి తెంపింది అట్లాంటి తాడునే. తెంపిన తాడును నా అంతట నేను రైల్వేస్టేషన్లో నిలబడి మెడలో వేసుకోవాలా? చేతులు రాలేదు. సంచి పిడికి రెండు చుట్లు చుట్టి ముడేశాను. సంచి మెడలో బిళ్ళ వేలాడింది.

ఎందుకు వేసుకోలేదని నన్ను ఎవరూ అడగలేదు. చూశారు, చూపు తిప్పుకున్నారు. మా వాళ్ళలో తెలిసిన సంగతి అడగరు.

కాశీ వరకు రైలు. కాశీ నుంచి బస్సు. ఆ బస్సుకు వెనక కూడా ఒక తలుపు ఉండేది. నాకు వెనక సీటు, పక్కన బియ్యం మూట, ఆ పక్కన ఉల్లిపాయల మూట. జంటలు జంటలుగా కూర్చున్న బస్సులో నాకు అదే సరిపోయింది. దారి పొడుగునా వంటాయనకు ఉల్లిపాయలు కోసి ఇచ్చేదాన్ని. పని లేకపోతే నాకు తోచదు.

రోజూ పొద్దున బస్సు కదిలేముందు ముందర కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఎవరో ఒక ముత్తయిదువ హారతి ఇచ్చేది. అప్పుడు నేను ముందర ఉండకూడదు. ఎవరూ పొమ్మనరు, నేనే తప్పుకుంటాను. మొగుడు లేనిది బయలుదేరే బండికి ఎదురుపడకూడదు కదా. బస్సు పక్కకో, గోడ చాటుకో పోయి నిలబడి, అంతా అయ్యాక వెనక తలుపు గుండా ఎక్కి నా మూటల పక్కన కూర్చునేదాన్ని. అట్లా అలవాటయింది. ఎవరికీ ఇబ్బంది లేదు.

సరిహద్దు దగ్గర అందరి ఓటు కార్డులు మేనేజరు తీసుకుని తన సంచిలో పెట్టుకున్నాడు. కొంచెం దూరం పోయేసరికి నా ఫోనులో సిగ్నలు గీతలు పోయాయి. మళ్ళీ ఇండియా వచ్చేదాకా రావట. అక్కడే బస్సు కూడా మారింది. నేపాల్ బస్సు, రంగు రంగుల కుచ్చులు, లోపలంతా పాటలు. దానికి తలుపు ఒకటే. ముందర.

ఆ సాయంత్రం కొండల మధ్య ఒక ఊళ్ళో ఆగాం. లాడ్జి కింద ఏరు. అంత నీళ్ళు, అంత చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు. మా చిత్రావతి ఏట్లో ఇసుకే చూశాను. వదిన "ఎంత బాగుండాదో" అంది. నాకు మాత్రం ఎవరో తలుపు అవతల అదేపనిగా అరుస్తున్నట్టు ఉండి కన్ను మూతపడలేదు.

పొద్దున్నే మంచు. పది అడుగుల అవతల మనిషి కనబడడం లేదు. సంచి, శాలువా తీసుకుపోయి నా సీటు దగ్గర పెట్టాను. శాలువా కింద పడకుండా బియ్యం మూట మీద కప్పాను. దిగి వచ్చేసరికి వాళ్ళు కొబ్బరికాయ, నిమ్మకాయలు సర్దుతున్నారు. ఉన్న ఒక్క తలుపు వాళ్ళ పక్కనే. సరే, కానీ అని లాడ్జి పక్క సందులోకి పోయి, కుళాయి దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాను. కొబ్బరికాయ పగిలిన చప్పుడు విన్నాను. గోవిందా గోవిందా అన్నారు. నేను కూడా గోడ చాటున చేతులు జోడించాను. హారతి అయ్యేదాకా ఆగాలి, పళ్ళెం లోపలికి పోయేదాకా ఆగాలి. ఏటి హోరులో ఇంజను చప్పుడు నాకు వినబడలేదు. తప్పు నాది కాదు, ఏటిది అనుకుంటాను ఒక్కోసారి.

సందులోంచి వచ్చి చూస్తే రోడ్డు మీద కొబ్బరి చిప్ప ముక్క ఒకటి, నలిగిన నిమ్మకాయలు రెండు ఉన్నాయి. బస్సు లేదు.

ముందు నేను నమ్మలేదు. తిప్పుకోవడానికి పోయి ఉంటుందనుకున్నాను. మంచులో లైట్లు కనబడితే అదే అనుకుని రెండు లారీలకు ఎదురు పోయాను. ఒక లారీవాడు హారను కొట్టి తిట్టాడు. వాడి తిట్టు కూడా నాకు అర్థం కాలేదు. అప్పుడు తెలిసింది, నేను ఎక్కడ ఉన్నానో. అంటే ఎక్కడ ఉన్నానో తెలియదని తెలిసింది. కేక వేద్దామంటే ఎవరి పేరు పెట్టి కేక వేయాలి?

సంచి మాత్రం భద్రంగా పోయింది. దాని మెడలో బిళ్ళ ఉంది, నంబరు ఉంది. అది తప్పిపోదు. నేనే తప్పిపోయాను.

లాడ్జి తలుపు కొట్టాను. ఎవరూ లేరు, బయట గొళ్ళెం. ఎదురుగా రేకుల టీ కొట్టు ఒకటి ఉంది. ఒక ఆడమనిషి పొయ్యి ఊదుతోంది. ముక్కుకు పెద్ద బేసరి, మెడలో ఆకుపచ్చ పూసల దండ, నుదుటి నుంచి పాపిటంతా ఎర్రగా సిందూరం. నా వయసు కాదు, నాకంటే చిన్నది. పోయి ఆమె బెంచీ కొస పట్టుకుని నిలబడ్డాను. మా పక్కింట్లో పట్టుకు రంగులు అద్దే సాయిబుగారి భార్య దగ్గర నేర్చుకున్న హిందీ ముక్కలే నాకు దిక్కు.

"మేరా బస్ గయా" అన్నాను, నా బస్సు పోయిందని.

"కహా జానా హై?" అంది. ఎక్కడికి పోవాలని.

ఎక్కడికి? నాకు తెలియదు. ఆ రోజు ఏ ఊరు పోతారో నేను అడగలేదు. నిన్న ఏ ఊరు దాటామో అడగలేదు. ఇప్పుడు నేను నిలబడ్డ ఊరి పేరు కూడా అడగలేదు. అడగాల్సిన పని లేదనే కదా టూరులో వచ్చింది. నాకు తెలిసిన ఒక్క ఊరి పేరు చెప్పాను.

"ధర్మవరం."

ఆమె పొయ్యి ఊదడం ఆపి నన్ను చూసింది. "ధర్మ?" అంది. ఏదో గుడి పేరనుకుందేమో, కొండ పైకి చెయ్యి చూపించింది. కాదు కాదు అని తల ఊపాను. "ఇండియా" అన్నాను. పెద్ద దేశం పేరు చెప్పాను గాని అది నన్ను ఏ బస్సూ ఎక్కించదు.

అప్పుడు ఒకాయన మోటారు సైకిలు ఆపి, ఆమెతో ఏదో మాట్లాడి, నా వైపు తిరిగి హిందీలో "రండి, బస్సును పట్టుకుందాం, కూర్చోండి" అన్నట్టు చేయి చూపించాడు. ముఖం మంచిదే. కానీ సరిహద్దు దగ్గర వదిన చెప్పిన కథలు అప్పుడే గుర్తుకు రావాలా! ఆడవాళ్ళను బండెక్కించుకుని అమ్మేస్తారని, పేరు కూడా మార్చేస్తారని. ఈ వయసులో నన్ను కొనేదెవరు అనే తెలివి అప్పుడు లేదు. బెంచీ కాలు రెండు చేతులతో పట్టుకుని కింద కూర్చుండిపోయాను. ఆయన ఇంకోసారి పిలిచాడు, భుజాలు ఎగరేసి పోయాడు. ఆయన మంచివాడో చెడ్డవాడో నాకు ఇప్పటికీ తెలియదు. మంచివాడే అయి ఉండాలని మొక్కుకుంటాను.

టీ కొట్టు ఆమె నవ్వకుండా టీ గ్లాసు తెచ్చి ఇచ్చింది. నేను తీసుకోలేదు. అందులో ఏమైనా కలిపి ఉంటే? ఆమెకు నా చూపు అర్థమైంది. నా ఎదురుగానే ఒక గుక్క తాను తాగి, అదే గ్లాసు నా చేతిలో పెట్టింది. ఎంగిలి. మా అమ్మ ఉంటే చెయ్యి విరిచేది. తాగాను. వేడి లోపలికి పోతుంటే అప్పుడు ఏడుపు వచ్చింది, అంతదాకా రాలేదు.

నడుముకు దోపుకున్న గుడ్డసంచిలో ఫోను ఉందని అప్పుడు గుర్తొచ్చింది. తీసి చూపించాను. గీతలు లేవు, పనిచేయదని చేత్తో చెప్పాను. ఆమె ఫోను తీసుకుని నొక్కింది. అమ్మాయి ముఖం వచ్చింది. నాకు చదువు రాదని అమ్మాయి తన ఫోటోనే పెట్టి ఇచ్చింది, ముఖాన్ని నొక్కితే ఫోను పోతుంది. ఇప్పుడు ముఖం ఉంది గాని ఫోను పోదు. ఆమె ఆ ముఖం కింద ఉన్న నంబరు చూసి, తన ఫోనులో కొట్టి, నా చెవికి పెట్టింది. ఆ ఉపాయం నాకు తట్టనే లేదు.

"హలో" అంది అమ్మాయి ఇంగ్లీషు గొంతుతో.

"మే, నేను."

"అమ్మా? ఇదెవురి నంబరు?"

"బస్సు పోయింది మే."

"పోయిందా? యాడుండావు నువ్వు?"

"తెలీదు."

"ఊరి పేరేమి?"

"తెలీదు."

"నిన్న యాడినుంచి వచ్చినారు? ఈపొద్దు యాడికి పోతారంట?"

"తెలీదంటాండా కదా! ఎక్కమంటే ఎక్కినా, దిగమంటే దిగినా! నన్నడిగితే ఎట్ల?"

నేను చెప్పలేదా అంటుందని నాకు భయం. ఆ మాట అంటే ఆ ఏట్లో దూకుదామన్నంత సిగ్గుగా ఉంది. ఆమె అనలేదు.

"ఆ అక్కకియ్యి ఫోను."

ఇద్దరూ హిందీలో మాట్లాడుకున్నారు. టీ కొట్టు ఆమె నా వీపు మీద చెయ్యి వేసి మాట్లాడుతోంది. ఆ చేతికి పొగ వాసన, పాల వాసన. ఫోను మళ్ళీ నా చెవి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నువ్వుండే ఊరు ముగ్లింగ్. అను."

"ఏమి?"

"ముగ్లింగ్. నువ్వు చెప్పు."

"ముగ్లింగ్."

"ఇంగోసారి."

"ముగ్లింగ్. ఎందుకే ఇప్పుడు బడి పెడతాండావు?"

"ఎందుకంటే ఇప్పుడు నువ్వు యాడుండావో నీకు తెలుసు. కదలొద్దు. ఎవురు బండెక్కమన్నా ఎక్కొద్దు. నేను టూరోళ్ళకు చేస్తాండా. వాళ్ళే ఆడికి రావల్ల."

"వస్తారా?"

"రాకుంటే నేనొస్తా. సాయంత్రానికి విమానం ఉండాది."

నాకోసం ఒకళ్ళు వస్తారని అంది. ఎవురూ రారు అన్నది కూడా ఆమే. ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. వచ్చేవాళ్ళు వచ్చేదాకా నోట్లో ముగ్లింగ్, ముగ్లింగ్ అనుకుంటూనే ఉన్నాను, గోవింద నామం మాదిరి. మరిచిపోతే మళ్ళీ తప్పిపోతానని. మంచు తేలిపోయి కొండలు బయటికి వచ్చాయి. ఎంత ఎత్తో, మీద పడతాయేమో అన్నట్టు. నేను తల ఎత్తలేదు. పొయ్యినే చూస్తూ కూర్చున్నాను. పొయ్యి ఏ దేశంలోనయినా పొయ్యే.

ఎండ బాగా ఎక్కాక జీపు వచ్చింది. మేనేజరు, వంటాయన దిగారు. వంటాయన దిగుతూనే అరిచాడు.

"ఏమక్కా, ఎర్రగడ్డలు కొయ్యలేక ఈడ దాంకున్నావా?"

నవ్వబోతే ఏడుపయింది. టిఫినుకు ఆగిన చోట ఉల్లిపాయలు కోసే మనిషి లేదని మొదట కనుక్కున్నది ఆయనే. అప్పటికే అమ్మాయి ఫోను మీద ఫోను చేసి టూరు ఆఫీసును నిలబెట్టి కడిగేసిందట. మేనేజరు ముఖంలో నెత్తురు లేదు. భయపడిన మనిషి కోపంగానే మాట్లాడతాడు.

"ట్యాగ్ యాడ పెద్దమ్మా? మెడలోంచి తీయొద్దని ఎన్నిసార్లు చెప్పినా!"

"సంచికుండాది."

"సంచికెందుకు? సంచి తప్పిపోతాదా?"

"పసుపు తాడప్పా అది."

"అయితే?"

నేను నేల చూశాను. వంటాయన అందుకున్నాడు.

"ఆయమ్మకు మొగుడు లేడు కదప్పా. పసుపు తాడు మెడలో ఎట్లేసుకుంటాది?"

"రిబ్బనే కదన్నా అది!"

"నీకు రిబ్బన్."

పిల్లోడు తల గోక్కున్నాడు. "తలలు లెక్కపెట్టినా పెద్దమ్మా, ఒట్టు. సరిగ్గా ఉన్నాయి" అన్నాడు.

"నువ్వు లెక్కపెట్టింది బియ్యం మూటను" అన్నాడు వంటాయన. "శాలువా కప్పుకోని కూర్చోని ఉంటే నువ్వు మాత్రం ఏం చేస్తావులే."

టీ కొట్టు ఆమెకు దుడ్లు ఇస్తే తీసుకోలేదు. నా చెయ్యి పట్టుకుని మా వాళ్ళ చేతికి అప్పగించినట్టు అప్పగించింది. ఆమె పేరు అడగాలనే తట్టలేదు. ఊరి పేరు ఒక్కటే నా తలలో పట్టింది.

జీపు దిగి బస్సు ఎక్కగానే వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది, తర్వాత తిట్టింది. ముందు సీట్లో ఒకామె మాత్రం, వినబడేటట్టే, "పొద్దున్నే ఏం శకునమో, యాత్రంతా అడ్డమే" అంది. వదిన తిరిగి "శకునం ఎనక నిలబడితే బస్సు ఆగిపాయె, ముందర నిలబడింటే నేరుగా కైలాసమే పోదుముంటిమి, నోరు మూసుకో" అంది. నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

వంటాయన బియ్యం మూటకు కుట్టిన జనపనార సుతిలి లాగి తెంచి, సంచి పిడి నుంచి బిళ్ళ విప్పి, దానికి కట్టి ఇచ్చాడు. "ఇదేసుకో అక్కా. ఇది యా శాస్త్రంలోనూ లేదు." మెడలో వేసుకున్నాను. గరుకు. మెడంతా గీరుకుంది.

మరుసటి పొద్దున మేనేజరు తలుపు దగ్గర నిలబడి "పెద్దమ్మ ఎక్కి కూసున్నాకే కాయ కొట్టేది" అన్నాడు. అందరూ చూస్తుండగా, నిమ్మకాయల పక్కనుంచి, పళ్ళెం పట్టుకున్న ముత్తయిదువ పక్కనుంచి నేను ఎక్కాలి. నిజం చెబుతున్నాను, టీ కొట్టు దగ్గర కూడా నేను అంత భయపడలేదు. ఎక్కి కూర్చున్నాక ఇంకొక భయం. ఆ కొండ దారిలో ఒక్కో మలుపుకూ కింద లోయ. ఏమైనా అయితే అది నా మీదే పడుతుంది. చచ్చినా నా మీదే పడుతుంది. ప్రతి మలుపులోనూ బిళ్ళ పట్టుకుని, నావల్ల ఏమీ కాకూడదని మొక్కాను. పశుపతినాథుడి ముందు నిలబడి కూడా మొక్కింది అదే. ఏమీ కాలేదు. అందరమూ క్షేమంగా ధర్మవరంలో దిగాం. శకునమన్న ఆమె దిగేటప్పుడు నా సంచి అందించింది.

ఆ తర్వాత నాలో మారింది ఒక్కటే. ఎక్కడికి పోయినా ఊరి పేరు అడగకుండా బస్సు దిగను. శింగనమల దగ్గర పెళ్ళికి పోతే, నాకు తెలిసిన ఊరే అయినా అడిగాను. కండక్టరు "ఏమ్మా, కొత్తా?" అన్నాడు. కొత్తే అన్నాను.

ఇప్పుడు మళ్ళీ శ్రీలంక. మొన్న ఆ మేనేజరు పిల్లోడు మా ఇంటికి వచ్చాడు, కాఫీ తాగాడు.

"ఈసారి నీలం తాడు పెట్టినాం పెద్దమ్మా. నీకోసమే మార్చినా. ముందు సీటు నీదే."

మంచి పిల్లోడు. నీలం తాడు చూసి నా కళ్ళు తడిశాయి. వాడితో పోతే సంగటి దొరుకుతుంది, వదిన ఉంటుంది, మన మాట వినబడుతుంది. అమ్మాయితో పోతే విమానం దిగినాక ఎవరూ రారు. ఆమెకు జ్వరం వస్తే? రోడ్డు మీద మా చెయ్యి విడిపోతే? అక్కడి మాటలు పక్కింటి సాయిబుగారి భార్యకు కూడా రావు. ఈ ఆలోచనలతో రాట్నం తిప్పుతుంటే కండె మీద పోగు వదులుగా పడుతోంది.

రెండింటిలోనూ భయమే. మందలో ఉంటే, అందరూ ఉన్నారు కదా అని నేను కళ్ళు మూసుకుంటాను, అందరూ ఉన్నారు కదా అని వాళ్ళూ నన్ను మరిచిపోతారు. అమ్మాయితో పోతే మేము ఇద్దరమే, మూట పక్కన మూట లేదు. ఒకరు లేకపోతే రెండోవాళ్ళకు తెలుస్తుంది. ఇది నేను పెద్దగా ఆలోచించి చెప్పింది కాదు. నీలం తాడు చేతిలో పట్టుకుని నిలబడి ఉంటే నోట్లోంచి వచ్చింది.

"ఈసారికి పాపతో పోతాండా నాయనా. ఏమనుకోవద్దు."

పిల్లోడు బాధపడ్డాడు. "ఆడ ఇద్దరే ఆడోళ్ళు ఏం చేస్తారు పెద్దమ్మా?" అన్నాడు.

"భయపడతాం" అన్నాను.

అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఇది రాస్తుంటేనే ఆమెకు తెలిసింది. రాయడం ఆపి నన్ను చూసింది. నాకు ఒకటే షరతు ఉందన్నాను. మనం ఏ ఊర్లో దిగుతామో, దాని తర్వాత ఏ ఊరో, రోజూ ముందే నాకు నేర్పాలి. ఆ మాటకే మొదలుపెట్టింది. కొలంబో. కాండీ. అనూరాధపురం. కాండీ దగ్గర నాకు నాలుక తిరుగుతుంది, అనూరాధపురం మన ఊరి పేరు మాదిరే ఉంది. కండెలు చుడుతూ అనుకుంటున్నాను.

బిళ్ళ కూడా చేయిస్తానంది, ఒక పక్క తన నంబరు, ఇంకో పక్క దిగే గది ఉన్న వీధి పేరు. తాడు ఏ రంగు కావాలని అడిగింది. ఎరుపు ఉంది, నీలం ఉంది, పసుపు కూడా తెచ్చింది, కావాలనే తెచ్చిందో ఏమో. నేను లేచి, మేకుకు తగిలించిన నేపాల్ నాటి సుతిలి తెచ్చి ఇచ్చాను.

"అదెందుకమ్మా, మెడ గీరుకుపోతాది."

"గీరుకోనీ మే. గీరుకుంటాంటేనే ఉండాదని తెలుస్తాది."